నీలం పికప్పులో ఏదో వాసన

మార్చి 3, ఆదివారం

బండి వచ్చింది. నడిచి రాలేదు, ఇంకో బండికి కట్టి ఈడ్చుకొచ్చారు. గేటు మలుపులో ముందు చక్రం బిగుసుకుపోయి కీచుమని అరిచింది. వీధిలో వాళ్ళందరూ బయటికి వచ్చి చూశారు. పాత పికప్. గుండ్రటి హెడ్‌లైట్లు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, వెనక చెక్క పలకల తొట్టి. మీ నాన్న పుట్టకముందు మోడల్ మేడమ్ అన్నాడు అమ్మినవాడు. మా నాన్న ఎప్పుడు పుట్టాడో వాడికేం తెలుసు. నీలం రంగు మాత్రం నిన్న వేసినట్టు మెరుస్తోంది. నిన్నే వేసి ఉంటాడు.

దీన్ని బాగుచేసి అక్కకి బ్రెడ్ బండి చెయ్యాలి. ఆసుపత్రి గేటు పక్కన జాగా జూన్ మొదటి తేదీ నుంచి అక్కకి ఇస్తామన్నారు. ఆ రోజుకి బండి అక్కడ నిలబడకపోతే, వెనకాల కాచుకుని ఉన్న జ్యూస్ వాడికి ఇచ్చేస్తారు. అప్పుడు అక్కకి మిగిలేది బావ ఇల్లే. ఆ సంగతి ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

కొత్త వ్యాన్ మన వల్ల కాదు, పాత బండయితే జనం ఆగి చూస్తారు అని ఐడియా ఇచ్చింది నేను. బాగుచేస్తానన్నదీ నేనే. వీడియోలు చాలా చూశాను. స్పానర్ ఇవాళే మొదటిసారి పట్టుకున్నాను.

డోర్ తీయగానే గుప్పుమని ఒక వాసన. వెనక్కి రెండడుగులు వేశాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున లేస్తే ఊళ్ళో వాళ్ళ మూత్రం, మలం, కఫం డబ్బాల్లో నా టేబుల్ మీదికి వస్తాయి. పక్క గదిలోనే కూర్చుని లంచ్ తింటాను. అలాంటి నేను చున్నీ ముక్కుకి చుట్టుకున్నాను.

అక్క మాత్రం తల లోపలికి పెట్టి నవ్వుతూ స్టీరింగ్ నిమిరింది. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ దాని ముక్కుని పట్టుకుపోయింది. మల్లెపువ్వూ మురిక్కాలువా రెండూ ఒకటే. బ్రెడ్ కూడా రంగు చూసి, అడుగున వేలితో కొట్టి చప్పుడు విని దించుతుంది. వాసనేమైనా వస్తోందా అని నన్ను అడిగింది. పాత బండి కదా, మామూలే, పోతుంది అన్నాను.

మార్చి 5

సీటులో ఎలుకల గూడు. గూడంటే ఏదో నాలుగు పీచులు కాదు. ఒక కాలనీ. స్పాంజి తవ్వి గదులు కట్టుకున్నాయి. అందులో ఎండిపోయినవి, ఎండుతున్నవి, ఇప్పుడే పుట్టి కళ్ళు తెరవనివి. గ్లౌజు చేత్తో ఒకదాన్ని పట్టుకున్నాను, మెత్తగా కదిలింది. అరిచిన అరుపుకి పై అంతస్తు ఓనరమ్మ కిటికీ తీసింది.

సీటంతా బయటికి లాగి పారేశాను. వాసన మూలం దొరికింది, పీడ విరగడైంది అనుకున్నాను. సాయంత్రం మళ్ళీ డోర్ తీశాను. అలాగే ఉంది.

మార్చి 10, ఆదివారం

అంతా విప్పేశాను. బంపర్, డోర్లు, డ్యాష్‌బోర్డు, వైపర్ మోటారు, పేరు తెలియనివి ఇంకా బోలెడు. విప్పడం ఎంత సుఖంగా ఉందో. బోల్టులన్నీ ప్లాస్టిక్ బకెట్లలో వేశాను. ఏది ఎక్కడిదో ఫోన్లో ఫోటోలు తీశాను కదా, భయం లేదు.

మధ్యాహ్నం 3

ఫోటోలు చూశాను. అన్నిట్లోనూ నా బొటనవేలు, వెనకాల చీకటి.

మార్చి 14

అక్క బావని వదిలి ఎందుకు వచ్చేసిందో ఇవాళ రాసేస్తాను. ఒళ్ళు మండుతున్నప్పుడే రాయాలి.

బావది టీ పొడి కంపెనీలో ముక్కు ఉద్యోగం. నిజంగానే. ఆకు వాసన చూసి ఇది ఏ తోట, ఏ నెల అని చెప్తాడట. గొప్పే, కాదనను. కానీ ఆ ముక్కుని ఆఫీసులో వదిలి రాడు. పళ్ళెం వాసన చూస్తాడు, గ్లాసు వాసన చూస్తాడు, ఉతికిన తువ్వాలు వాసన చూస్తాడు. నా పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు మా ఇంటి కర్టెన్ వాసన చూశాడు. అందుకే ఈ డైరీలో ఆయన పేరు ముక్కుగారు.

అక్కకి జ్వరం వచ్చి ముక్కు పోయాక ఆయనకి పండగ అయింది. పాలు విరిగాయి అంటాడు, అక్క పారబోస్తుంది. గ్లాసు నీచు కొడుతోంది అంటాడు, అక్క మళ్ళీ తోముతుంది. దుప్పటి ముక్కిపోయింది, నీ జుట్టు వాసన, ఈ కూర నిన్నటిది. అక్కకి తెలియదు కాబట్టి ఎదురు చెప్పలేదు. ఒకరోజు వచ్చినవాళ్ళ ముందు దాని చెయ్యి పట్టుకుని వాసన చూసి, వెళ్ళి కడుక్కో అన్నాడట. అది చేతులు కడుక్కుని, అటునుంచి అటే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

ఛీ. రాస్తుంటేనే రోతగా ఉంది.

మార్చి 17

బోల్టు తల విరిగింది. ఇంకొకటి. ఇంకొకటి.

మార్చి 24, ఆదివారం

డ్రైవర్ వైపు ఫ్లోర్ మీద స్క్రూడ్రైవర్ జారి పడింది. కిందికి దిగిపోయింది. రేకు మీద పడితే టంగుమనాలి కదా, మెత్తగా దిగింది. గీకి చూస్తే అక్కడ రేకు లేదు. న్యూస్‌పేపర్లు కుక్కి, పైన పుట్టీ పూసి, దాని మీద నీలం రంగు కొట్టాడు. డోర్ అడుగున కూడా అంతే. మడ్‌గార్డు బుగ్గ సగం పుట్టీయే. నేను కొన్నది బండి కాదు, బండి ఆకారంలో ఉన్న అట్టముక్క.

అమ్మినవాడికి ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను. వాడు చాలా మర్యాదగా, యాంటిక్ మేడమ్, యాంటిక్ అంటే అలాగే ఉంటుంది అన్నాడు. సరేనండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక బోలెడు మాటలు వచ్చాయి.

షెడ్డులో నిలబడి చుట్టూ చూశాను. బకెట్ల నిండా బోల్టులు, గోడకి ఆనించిన డోర్లు, ఎక్కడివో తెలియని వైర్లు, నల్లటి జిడ్డు, ఆ వాసన. వీడియోలో ఇదంతా పాట ఒకటి పెట్టి, ఒక నిమిషంలో మెరిసిపోయేలా చేస్తారు. వాళ్ళెవరూ వాసన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు. చీదర పుట్టింది. బండి మీద, వాడి మీద, తగుదునమ్మా అని దీన్ని నెత్తికెత్తుకున్న నా మీద.

అక్క టీ తెచ్చి ఇచ్చి, చాలా పని అయిందే అంది. నిజంగానే అనుకుంది.

ఏప్రిల్ 2

వెల్డర్ వచ్చాడు. కొత్త రేకు వెయ్యడానికి ఫ్లోర్ పాత అంచులు కోశాడు. మంట తగలగానే పొగ లేచింది. ఒక్క నిమిషంలో హెల్మెట్ తీసి పక్కన పడేసి గేటు దాకా పరుగెత్తాడు. వాంతి చేసుకున్నాడు. ఇన్నేళ్ళలో పెట్రోలు ట్యాంకు పేలడం చూశానుగానీ రేకు కాలితే ఇలాంటి వాసన రావడం చూడలేదు, ఇది మాంసం వాసన మేడమ్ అన్నాడు. నన్ను అదోలా చూశాడు. ముందు కడిగించండి, ఆ తర్వాతే వస్తాను అని సామాను సర్దుకున్నాడు.

ఓనరమ్మ బాల్కనీలోంచి ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని, షెడ్డు అద్దెకిచ్చింది బండి పెట్టుకోవడానికే కానీ ఇలాంటివాటికి కాదు అంది. ఎలాంటివాటికో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

ఏప్రిల్ 7, ఆదివారం

తెలిసింది.

డోర్ మీద రంగు గీకుతున్నాను. పెయింట్ రిమూవర్ పూసి కాసేపు ఆగితే రంగు బొబ్బలెక్కుతుంది, అప్పుడు గరిటెలాంటి దానితో లాగేయాలి. నీలం పోయింది. కింద తెలుపు. తెలుపు కింద ముదురు ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. కంపెనీ పేరో, పాత ఓనర్ పేరో అయి ఉంటుందని సంబరపడ్డాను. అలాంటివి ఉంటే బండికి అందం. జాగ్రత్తగా, అక్షరం చెరగకుండా, బ్రష్‌తో తుడుచుకుంటూ వచ్చాను.

నగర పారిశుధ్య విభాగం. చనిపోయిన పశువుల తరలింపు.

కింద కూర్చుండిపోయాను. ఆవులు, గేదెలు, గుర్రాలు, కుక్కలు, రోడ్డు మీద పడి ఉబ్బినవన్నీ ఆ చెక్క తొట్టిలో వెళ్ళాయి. కారినదంతా పలకల సందుల్లోంచి కిందికి దిగింది. ఎన్నేళ్ళు దిగిందో. ఇందులో నేను బ్రెడ్ పెట్టి ఆసుపత్రి గేటు దగ్గర అమ్మించబోతున్నాను.

చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. ల్యాబ్ నుంచి తెచ్చిన స్పిరిట్‌తో కడుక్కున్నాను. ఆ తర్వాత ప్రైమర్ డబ్బా తీసి ఆ అక్షరాల మీద పులిమేశాను.

రంగు కింద ఏముందే అని అక్క అడిగింది. పాత రంగు అన్నాను.

ఏప్రిల్ 9

తొట్టి పలకలన్నీ పీకి పారేశాను. వాటి అడుగుభాగం గురించి రాయను.

ఏప్రిల్ 15

ఫినాయిల్‌తో కడిగాను. వేడినీళ్ళు, సబ్బు సోడా. వెనిగర్. బొగ్గు పొడి. కాఫీ పొడి చల్లి రెండు రోజులు టార్పాలిన్ కప్పి ఉంచాను, ఎవరో చెప్తే. వంటసోడా కోసం అక్క డబ్బా ఖాళీ చేశాను. కేకు చెయ్యడానికి చూస్తే డబ్బాలో లేదు, ఏమైందే అంది. బండికి పోశాను అంటే, బండి పొంగుతుందా అని నవ్వింది. దానికి నవ్వులాటగా ఉంది.

ఇప్పుడు ఫినాయిలూ, పుల్లటి వెనిగరూ, కాఫీ, వాటన్నిటి కింద అది. దుప్పటి కింద పడుకున్న మనిషిలా.

ఏప్రిల్ 22

వెల్డర్‌ని బతిమాలి రప్పించాను. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ఫ్లోర్ వేశాడు, తొట్టికి పలకల బదులు రేకు వేశాడు, డోర్ అడుగులు వేశాడు. పని బాగుంది. నాతో మాత్రం ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఇంజిన్ పని చూడ్డానికి వాళ్ళ బాబాయ్ మెకానిక్‌ని తీసుకొచ్చాడు. ఆయన నా బకెట్లు చూసి, లోపల చెయ్యి పెట్టి, బోల్టులు వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, ఎవరమ్మా ఈ పులగం కలిపింది అన్నాడు. నేనేనని ఒప్పుకుని, డోర్లూ కొత్త సీటూ బిగించే పని కూడా ఆయనకే అప్పజెప్పాను.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇంజిన్ స్టార్ట్ అయింది. దగ్గి, నల్లటి పొగ ఉమ్మి, ఆగి, మళ్ళీ దగ్గి, పట్టుకుంది. అక్క చప్పట్లు కొట్టింది. ఓనరమ్మ కూడా బాల్కనీలోంచి కాస్త నవ్వింది. నాకూ ఒక్క క్షణం ఆనందం పొంగుకొచ్చింది.

క్యాబిన్ వేడెక్కింది. అది లేచింది.

మే 6

కొత్త చిక్కు వచ్చిపడింది. వాసన ఉందో లేదో నాకు తెలియడం లేదు.

పొద్దున డోర్ తీస్తే ఏమీ లేదు. సంతోషించి ల్యాబ్‌కి వెళ్తే పక్క సీటు అమ్మాయి, నీ జుట్టు ఏదోలా ఉంది, ఎక్కడ తిరిగొచ్చావు అంది. అంటే వాసన ఉంది, నా ముక్కే మొద్దుబారింది. లేక అది పెయింట్ వాసనా. రిమూవర్ పీల్చి పీల్చి, ఫినాయిల్ పీల్చి పీల్చి, నా ముక్కు పనికి రాకుండా పోయింది. టేబుల్ మీద మలం డబ్బా మూత తీసినా ఏమీ అనిపించలేదు.

సాయంత్రం కనబడిన వాళ్ళందరినీ ఒకసారి తల లోపలికి పెట్టి చెప్పమన్నాను. ఓనరమ్మ మెట్లు దిగకుండానే ఉంది ఉంది అంది. పాల ప్యాకెట్ల మనిషి పెట్రోలు అన్నాడు. ఎదురింటి టీచరు చాలాసేపు పీల్చి, ఇలాంటివి మనసులో ఉంటాయి అని వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ ఏం చెప్పాలి మేడమ్ అని నన్నే అడిగాడు. ఏం చెప్పమంటే అది చెప్పేలా ఉన్నాడు.

మే 10

షెల్ఫులు బిగించడానికి కార్పెంటర్‌ని రమ్మన్నాను, వాసన పోయింది కదా అని అక్క అడిగింది. పిండి కలుపుతోంది. మోచేతుల దాకా పిండి. నా వైపు చూడకుండా, ఉప్పు ఉందా అన్నంత మామూలుగా అడిగింది. నేనేం చెప్తే అది నమ్ముతుంది. దాని ముక్కు నేనే.

పోయింది అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. జూన్ ఒకటి ఎంతో దూరం లేదు. అక్షరాల మీద రంగు ఉంది. ఎవరికీ తెలియదు.

ఆ పిండి చేతులు చూస్తూ ఆ మాట అనలేకపోయాను. మొత్తం చెప్పేశాను. పశువుల సంగతి, పలకల అడుగు సంగతి, ఉందో లేదో నాకే తెలియడం లేదన్న సంగతి. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. పిండిని ఇటు తిప్పి, అటు తిప్పి, ఉండ చేసి, గుడ్డ కప్పింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నాది ఎప్పుడో పోయింది. నీదీ పోయింది. ముక్కున్న మనిషి మనకి ఒక్కడే తెలుసు. పిలువు."

మే 11

పిలవను అన్నాను. ఇంట్లో పోట్లాట. ఆయన మొహం చూడ్డం కంటే బండిని పాత ఇనుము వాడికి వేసేద్దాం అన్నాను. వేసేస్తే తను వెళ్ళాల్సింది ఆ మొహం దగ్గరికేగా అంది అక్క.

ఫోన్ చేశాను. బావగారూ అన్నాను. ఆ మాట అన్నాక నోరు పుక్కిలించాలనిపించింది.

మే 14

ముక్కుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, తెల్ల రుమాలు. లోపలికి రాగానే మా హాల్లో గాలి ఒకసారి పీల్చి, ఏమీ అనకుండా, ఏదో అన్నట్టు మొహం పెట్టాడు. మరదలు మెకానిక్ అయిందన్నమాట అని నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. అక్కని బాగున్నావా అని అడిగాడు. బాగున్నాను, బండి అటు ఉంది అంది అక్క.

పని మొదలుపెట్టాక మాత్రం మనిషి మారిపోయాడు. చల్లటి నీళ్ళు అడిగి నోరు పుక్కిలించాడు. మమ్మల్ని షెడ్డు బయట నిలబడమన్నాడు, నన్ను ఇంకా దూరంగా. అద్దాలు ఎత్తి, డోర్లు వేసుకుని, లోపల కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చిన్న చిన్నగా, కుందేలులా పీల్చాడు. చూస్తుంటే కంపరం పుట్టింది. కళ్ళు తిప్పుకోలేకపోయాను కూడా.

దిగి వచ్చి చెప్పాడు. ఎలుకలు ఉండేవి, ఇప్పుడు లేవు. ఫినాయిల్ రెండు రకాలు. కాఫీ చవక రకం. తొట్టిలో ఏమీ లేదు. ఫ్లోర్‌లో ఏమీ లేదు. ఎడమవైపు, సీటు వెనక గోడలో, భుజం ఎత్తులో ఉంది. వేలు పెట్టి చూపించాడు.

వెల్డర్‌ని పిలిపించి అక్కడే కోయించాం. క్యాబిన్ వెనక గోడ రెండు పొరలు, మధ్యలో ఖాళీ. రేకు అదరకుండా అందులో ఎవరో ఏ కాలంలోనో గోనె కుక్కారు. తొట్టిలో పైదాకా నిండినప్పుడు కారింది అందులోకి కూడా దిగినట్టుంది. గోనె నల్లగా, జిగటగా, వెంట్రుకలతో బయటికి వచ్చింది. ఆ వాసన మాత్రం నా మొద్దు ముక్కుకి కూడా తెలిసింది. వెల్డర్ మళ్ళీ గేటు దాకా వెళ్ళాడు. ముక్కుగారు రుమాలు అడ్డం పెట్టుకుని, కాస్త గర్వంగా నిలబడ్డారు.

మనిషి మంచివాడు కాకపోయినా ముక్కు మంచిదే. ఒప్పుకోవడానికి కూడా అసహ్యంగా ఉంది.

మే 17

గోడ లోపలంతా కడిగించి, ఎండబెట్టి, రంగు కొట్టించి, రేకు మూయించాను. ఆయన మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. చాలాసేపు కూర్చున్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అక్క అటూ ఇటూ నడిచింది.

దిగి, పోయింది, శుభ్రం అన్నాడు. అక్క కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. నేను ఆయన కాళ్ళ మీద పడేంత పని చేశాను. అంత సంతోషం వచ్చింది.

ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. అక్క టీ ఇచ్చింది. ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. బండి సరే, బ్రెడ్ సంగతి ఏమిటన్నాడు. పిండి పులిసిపోతే నీకు తెలుస్తుందా, వెన్న ముక్కిపోతే తెలుస్తుందా, జబ్బు మనుషులు తినేది. రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ముందు వచ్చి తను వాసన చూసి సరే అంటాడట, అప్పుడు బండి కదలొచ్చట. అసలు రోజూ రావడం ఎందుకు, నువ్వే ఇంటికి వచ్చి అక్కణ్ణించే చేసుకో అన్నాడు. గొంతులో ప్రేమ కూడా ఉంది. అదే నాకు ఎక్కువ రోతగా అనిపించింది.

అక్క కప్పు కింద పెట్టింది.

"మిమ్మల్ని బండి చూడమని పిలిచాను. చూశారు, మేలు చేశారు. బ్రెడ్ నేను చూసుకుంటాను."

ఆయన మొహం బిగుసుకుపోయింది. లేచి, చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి, ఆ గోడలో ఇంకా కొంచెం ఉంది, నువ్వు బాధపడతావని చెప్పలేదు అన్నాడు. వెళ్ళిపోయాడు.

మే 18

ఉందా, లేదా.

మే 21

రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఏది నిజమో ఎవరిని అడగాలి. మళ్ళీ ఆయన్నే అడగాలి. ఆయనకి కావలసిందీ అదే. గోడ మళ్ళీ కోయిద్దామా అంటే వెల్డర్ దండం పెట్టాడు. డోర్ తీసి లోపల కూర్చుని పీల్చి పీల్చి తల తిరిగింది. ఏమీ లేదు, ఏమీ తెలియదు. ఆ మనిషి బండిలో ఒక మాట వదిలి వెళ్ళాడు, దాన్ని ఏ ఫినాయిల్ పెట్టి కడగాలి.

అక్క మూడు రోజులుగా మాట్లాడటం లేదు. బ్రెడ్ కాలుస్తోంది, పక్కన పెడుతోంది.

మే 24

అక్క పొద్దున్నే లేచి పాలూ వెన్నా ఎక్కువ వేసి బ్రెడ్ చేసింది. ముక్కలు కోసి, మూత లేకుండా ట్రేలో పరిచి, క్యాబిన్‌లో సరిగ్గా ఆ గోడ దగ్గర పెట్టి, అద్దాలు ఎత్తేసింది. ఏమిటిదంటే, వెన్న దేని పక్కన ఉంటే దాని వాసన పట్టేస్తుంది, ఫ్రిజ్‌లో ఉల్లిపాయ పక్కన పెట్టి చూడు అంది. మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచింది.

తర్వాత ట్రే తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. నన్ను దూరంగా నిలబడమంది, నీ మొహం చూస్తే ఆకలిగా ఉన్నవాళ్ళు కూడా తినరు అంది. గేటు దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నేరుగా గర్భిణుల ఓపీ వరండాలోకి వెళ్ళింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ బెంచీల మీద కూర్చున్నది నెల తప్పిన కొత్తలో ఉన్నవాళ్ళు. ఒకామె నర్సు పూసుకున్న పౌడర్ వాసనకే మొహం తిప్పుకుంటోంది. ఒకామె పక్కనున్న భర్తని దూరం జరగమంటోంది. సగం మంది ముక్కుల మీద రుమాళ్ళు. లోకంలో అంతకంటే కఠినమైన ముక్కులు లేవు. వాళ్ళకి మా అక్కెవరో తెలియదు, బండి సంగతి తెలియదు, అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు.

అక్క అందరికీ తలో ముక్కా ఇచ్చి, కొత్తగా పెడుతున్నాం, ఎలా ఉందో చెప్పండి అంది. వాళ్ళు ముక్క పట్టుకున్నారు. అక్క వాళ్ళ మొహాలే చూస్తోంది. స్తంభం వెనక నుంచి నేనూ ఆ మొహాలే చూస్తున్నాను.

రుమాలు కట్టుకున్న ఒకావిడ రుమాలు దించింది. వాసన చూసింది. కొరికింది. రుమాలు మళ్ళీ పైకి కట్టుకోవడం మర్చిపోయి ఇంకో ముక్క అడిగింది. వారం రోజులుగా లోపల ఏదీ నిలవడం లేదు, ఇది నిలిచేలా ఉంది అని పక్కావిడతో అంది. అంచు కాస్త మాడింది అని ఇంకొకావిడ అంది. అక్క ఆ మాటకి ఎంత మురిసిపోయిందో చెప్పలేను. ట్రే ఖాళీ అయింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఎవరూ బయటికి పరుగెత్తలేదు.

తిరిగి వస్తూ బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆగకుండా వాగుతున్నాను. గోడలో ఏమీ లేదన్నమాట, ఒట్టి అబద్ధం, పోతూ పోతూ విషం కక్కి పోయాడు అంటున్నాను. అది వినడం లేదు. కిటికీలోంచి చూస్తూనే అంది.

"అయితే ఆ పాలు కూడా విరగలేదేమో."

అక్క ఖాళీ ట్రేని ఒళ్ళో పెట్టుకుని, పారబోసినవీ, మళ్ళీ కడిగినవీ ఒక్కొక్కటే మెల్లగా చెప్పుకుంటూ వచ్చింది. పాలు. పప్పు. పండక్కి చేసిన కేకు. రాత్రంతా నానబెట్టి మళ్ళీ ఉతికిన దుప్పట్లు. తన తల, రోజుకి రెండుసార్లు. మా స్టాప్ దాటిపోయింది. నేను దిగుదామనలేదు.

మే 29

షెల్ఫులు బిగించారు. బోల్టులు కొన్ని మిగిలిపోయాయి. ఎక్కడివో మెకానిక్ కూడా చెప్పలేకపోయాడు. బండి మాత్రం నడుస్తోంది. డోర్ మీద నా ప్రైమర్ మచ్చ చూసి, దాన్ని అలా వదిలెయ్యకు, మంచి రంగు వెయ్యి అంది అక్క. ఏ రంగు అంటే, ముదురు ఆకుపచ్చ అంది.

ముక్కుగారు ఫోన్ చేశారు. అక్క తీసింది. వాసన ఏమైంది అని అడిగాడట. మీకే తెలియాలి అని పెట్టేసింది.

జూన్ 1

అన్నీ అమ్ముడుపోయాయి.

నా చేతులు మాత్రం. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ కింద అది ఇంకా ఉన్నట్టే ఉంది. అక్కతో అన్నాను. స్టీరింగ్ ముందు కూర్చుని, నా చెయ్యి లాక్కుని, తన ముక్కుకి ఆనించుకుని, గుండెల నిండా పీల్చింది.

ఏమీ లేదే అంది.

నమ్మాను.